సుడి చుట్టూ గుడి: అతివాహకాల్లో వోర్టెక్స్, హేలోలకు తెలుగు మాటలు

వోర్టెక్స్‌కి "ఆవర్తం" అని రాసేవాళ్లకు ఒక మాట. ఆవర్తన పట్టిక ఇప్పటికే ఉంది, వాన వార్తల్లో ఉపరితల ఆవర్తనం ఉంది, మధ్యలో ఇంకొకటి ఇరికించడం దేనికి? నా ఓటు "సుడి"కే. అతివాహకాలంటే బాగా చల్లబరిస్తే నిరోధం లేకుండా కరెంటును పోనిచ్చే పదార్థాలు. వాటిలో 1986లో భౌతిక శాస్త్రవేత్తలు బెడ్నోర్జ్, ముల్లర్ కనిపెట్టిన రాగి ఆక్సైడ్ల కుటుంబం తీసుకోండి. వాటికి బలమైన అయస్కాంత క్షేత్రం తగిలిస్తే అది సన్నటి గొట్టాల్లా లోపలికి దూరుతుంది, ఒక్కో గొట్టం చుట్టూ కరెంటు గిర్రున తిరుగుతుంది, నడిమధ్యలో మాత్రం అతివాహకత్వం ఉండదు. సుడి కాక మరేమిటది?

అసలు చిక్కు దాని చుట్టూ ఉండే హేలోతో. బిస్మత్ ఉన్న రాగి ఆక్సైడులో సుడుల చుట్టూ ఎలక్ట్రాన్ స్థితులు గళ్లుగళ్లుగా, దాదాపు నాలుగు పరమాణువుల దూరానికొకసారి మళ్లీ మళ్లీ వస్తున్నట్టు 2002లో టన్నెలింగ్ మైక్రోస్కోపుతో (సన్నటి సూదిమొనతో పరమాణువుల స్థాయిలో చూసే పరికరం) చూశారు. 2019లో 8.25 టెస్లాల (అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం) దగ్గర చూస్తే ఎనిమిదేసి పరమాణువుల దూరంతో మరో అల కూడా దొరికింది, అంటే ఎలక్ట్రాన్ జంటల సాంద్రతే అక్కడ అలలా హెచ్చుతగ్గులవుతోందని చూసినవాళ్ల వాదన. ఈ వలయాన్ని "పరివేషం" అనొచ్చు, కానీ చంద్రుడి చుట్టూ వచ్చేదాన్ని మనం గుడి అంటాం కదా, అదే వాడితే పోలా? దీనిమీద సాగిన చర్చ ఇది:

— గుడి అంటే దేవాలయం అనుకుంటారండీ. సుడి అన్నా అదృష్టమే గుర్తొస్తుంది, "వాడికి సుడి ఉంది" అంటాం.

— చంద్రుడికి గుడి కట్టిందంటే ఎవరూ కొబ్బరికాయ పట్టుకెళ్లరు మాస్టారూ. సందర్భమే చెబుతుంది.

— సుడికి నేనూ సై, "సుడిగుండం" మాత్రం వద్దు. గుండం అంటే లోపలికి లాగేస్తుందనిపిస్తుంది, ఇక్కడ లాగడమేమీ లేదు. పైగా ఈ సుడులు స్ఫటికంలో లోపాలున్న చోట ఇరుక్కుని కదలకుండా ఉంటేనే మనకు లాభం, కదిలాయంటే నిరోధం వచ్చేస్తుంది, అందుకే తీగలు చేసేవాళ్లు కావాలనే లోపాలు పెడతారు. ఇలా ఇరికించడాన్ని పిన్నింగ్ అంటారు, దానికి "బిగింపు" ఎలా ఉంటుంది?

— బిగింపు బాగుంది. మరి పాకెట్ సంగతేంటి? 2007లో ఇట్రియం ఉన్న రాగి ఆక్సైడు మీద 62 టెస్లాల దాకా వెళ్లి అతివాహకత్వాన్ని అణిచేస్తే, క్షేత్రంతో పాటు హాల్ నిరోధం (కరెంటుకు అడ్డంగా పుట్టే వోల్టేజీని బట్టి లెక్కగట్టేది) ఊగడం కనిపించింది. ఆ ఊపును బట్టి ఫెర్మీ తలంలో, అంటే ఎలక్ట్రాన్లు నిండిన స్థితులకూ ఖాళీ స్థితులకూ మధ్య ఉండే హద్దులో, పాకెట్లనే చిన్న చిన్న మూసుకున్న భాగాలు ఉన్నాయని తేల్చారు. దయచేసి "జేబు" అని మాత్రం ఎవరూ అనకండి.