తిన్నది అరిగిందా, ఒంటబట్టిందా?

మారతహళ్ళి అబ్బాయి:
మన బెంగళూరు తెలుగు గ్రూపులో అందరికీ నమస్కారం. మా అమ్మ ఒంగోలు నుంచి వచ్చి ఉంది. మా పాప బక్కగా ఉందని ఆవిడ బెంగ. "తినడానికి బాగానే తింటోంది, అరుగుతోంది కూడా, ఒంటబట్టట్లేదంతే" అంది నిన్న. రెండూ ఒకటేగా, డైజెషన్ అనేగా అంటే, "నీ మొహంలే" అని లోపలికి వెళ్ళిపోయింది. అందుకని పెద్దల్ని అడుగుతున్నా. ఈ రెంటికీ తేడా ఏమిటి? రాసేటప్పుడు ఒంటబట్టడమా, వంటబట్టడమా? పేపర్లో ఎక్కువగా 'వ'తోనే చూశాను. తిండి సంగతి కదా, వంటతో ఏదో సంబంధం ఉంటుందనుకున్నా.

బసవనగుడి మాస్టారు:
బాబూ, ముందు స్పెల్లింగు తేల్చేద్దాం, అది చిన్న పని. వంటకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇల్లు – ఇంట, కన్ను – కంట, అలాగే ఒళ్ళు – ఒంట. "కంటపడ్డాడు" అంటాం చూడు, అదే పద్ధతిలో "ఒంటబట్టింది". ఒంటిని పట్టుకుంది అని. మనవాళ్ళు ఒంగడాన్ని వంగడమనీ, ఒద్దుని వద్దనీ రాస్తారు కాబట్టి ఇది కూడా వంటబట్టింది. పేపరు వాళ్ళు తప్పు రాశారని నేను అనను. కానీ 'ఒ'తో రాస్తే అర్థం కళ్ళకి కట్టినట్టు ఉంటుంది.

తేడా సంగతి మీ అమ్మగారు చెప్పిందే కరెక్టు. నేను ముప్ఫై ఏళ్ళు బయాలజీ చెప్పాను. టెక్స్ట్ పుస్తకంలో జీర్ణక్రియ, శోషణం, స్వాంగీకరణం అని మూడు మాటలుంటాయి. పిల్లలు వాటిని బట్టీ కొట్టేవాళ్ళు. మొదటిది అరగడం, తక్కిన రెండూ, అంటే పీల్చుకోవడమూ ఒంట్లో కలుపుకోవడమూ, కలిపి ఒంటబట్టడం అని చెప్తే ఆ క్లాసులో ఇంక అనుమానాలు ఉండేవి కావు.

శివాజీనగర్ బాబాయి:
మాస్టారూ, ఒంటబట్టడం అర్థమైంది. నా గొడవ అరగడంతో. చెప్పులు అరుగుతాయి. ఒక కాగితం కోసం ఓ ఆఫీసు చుట్టూ తిరిగి నావి బాగానే అరిగాయి, ఆ కథ ఇప్పుడొద్దు. సానమీద గంధం అరగదీస్తాం. అన్నమూ అరుగుతుంది. అంటే కడుపులో ఏదో రాపిడి జరుగుతోందని మన పూర్వులు అనుకున్నట్టేనా? సంస్కృతంలో జీర్ణం కూడా ఇంతే కదా. జీర్ణవస్త్రం అంటే చివికిపోయిన బట్ట. ఇక్కడ గుళ్ళ ముందు జీర్ణోద్ధార అని బోర్డు పెట్టి చందాలు అడుగుతారు, పాడుబడ్డదాన్ని బాగుచేయడానికి. పసిపిల్లలకి పాలుపట్టి పొట్ట నిమురుతూ "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అనేది కూడా అదే మాట. ఆ వాతాపి రాక్షసుడి పేరున్న ఊరే మన కర్ణాటకలోని బాదామి.

కోలారు అక్క:
బాబాయిగారూ, మాది కోలారు పక్కన. ఇంట్లో తెలుగు, బయట కన్నడ. కన్నడంలో కూడా అన్నానికి "అరగు" అనే అంటారు. అరగిసికొళ్ళు అంటే మన అరిగించుకోవడమే. కానీ చెప్పులు మాత్రం "సవెయుత్తె" అంటారు, అరగవు. తమిళంలో కూడా అంతే, చెప్పు "తేయుం", అన్నం "సెరిక్కుం". చెప్పుకీ అన్నానికీ ఒకే మాట వాడేది మన ముగ్గురిలో తెలుగువాళ్ళమే.

ఒంటబట్టడానికి మాత్రం ముగ్గురిదీ ఒకే ఊహ. కన్నడంలో "తిందద్దు మైగె హత్తల్ల", తమిళంలో "సాప్పిట్టదు ఒడంబుల ఒట్టల". ఎవరికైనా తిండి ఒంటికి అంటుకోవాలి.

శివాజీనగర్ బాబాయి:
ఇది బావుంది తల్లీ. అయితే నా రాపిడి వాదానికి సాక్ష్యం చెప్తా. రస్సెల్ మార్కెట్లో కోడి కొట్టించినప్పుడు కందనకాయ కోసి చూడండి. లోపల ఇసక, చిన్న చిన్న రాళ్ళు. కోడికి పళ్ళుండవు కాబట్టి రాళ్ళు మింగి, ఆ గట్టి కండ సంచిలో గింజల్ని నూరుకుంటుంది. ఆ రాళ్ళు కూడా అరిగి నున్నగా అయిపోతాయి. చెప్పుల అరగడమూ అన్నం అరగడమూ రెండూ ఒకే చోట! "రాళ్ళు తిని అరిగించుకునే వయసు" అన్నవాడు కోళ్ళని పెంచినవాడే అయి ఉంటాడు.

బసవనగుడి మాస్టారు:
కోడి విషయంలో మీరు చెప్పింది అక్షరాలా నిజం. మనిషికి మాత్రం అంతవరకే చెల్లదు. యూరపులో ఇదే గొడవ చాలాకాలం నడిచింది. కడుపు నూరుతుందని కొందరు, ఉడికిస్తుందని కొందరు, పులియబెడుతుందని కొందరు. 1752లో రయోమ్యూర్ అనే ఫ్రెంచాయన మాంసాన్ని చిల్లులున్న లోహపు గొట్టంలో పెట్టి పెంపుడు గద్ద చేత మింగించాడు. గొట్టం రాపిడిని ఆపుతుంది, రసాన్ని ఆపదు. గద్ద కక్కాక చూస్తే గొట్టం అలాగే ఉంది, మాంసం మాత్రం చాలావరకు కరిగిపోయింది.

ఆ తరవాత మనిషి వంతు. 1822లో అమెరికాలో మాకినాక్ దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కూలీకి పొట్టలో తుపాకీ గుండు తగిలింది. బతికాడు కానీ గాయం పూడలేదు, కడుపులోకి కిటికీలా ఓ చిల్లు మిగిలిపోయింది. బ్యూమాంట్ అనే సైనిక డాక్టరు పట్టుదారానికి మాంసం ముక్క, రొట్టె ముక్క, కాబేజీ కట్టి ఆ చిల్లులోంచి దించి, గంట గంటకీ పైకి లాగి చూశాడు. కడుపులోంచి రసం తీసి, సీసాలో పోసి, ఒంటి వేడికి సరిపడా వెచ్చగా ఉంచి అందులో మాంసం వేశాడు. అక్కడ కూడా కరిగింది, కాస్త నిదానంగా. సీసాలో నూరేవాడెవడు? ఆయన 1833లో ఇవన్నీ అచ్చువేశాడు. మూడేళ్ళకి ష్వాన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఆ రసంలో పనిచేసే పదార్థానికి పెప్సిన్ అని పేరు పెట్టాడు. ఆ సెయింట్ మార్టిన్‌ని తలుచుకుంటే నాకు మాత్రం జాలే. అతని కడుపు సైన్సుకి ఆస్తి అయిపోయింది.

యలహంక డాక్టరమ్మ:
మాస్టారూ, నమస్తే. డ్యూటీ అయ్యాక ఇప్పుడే చదివాను. రాపిడి పూర్తిగా లేదనకండి. నోట్లో పళ్ళు నూరుతాయి. కడుపు నిమిషానికి మూడుసార్ల చొప్పున అలలా ముడుచుకుంటూ తిన్నదాన్ని జావలా చేస్తుంది. ఇది పైపని. అసలు అరగడం అంటే పెద్ద అణువుల్ని అతుకుల దగ్గర తెంపడం. ఒక్కో అతుకు దగ్గర ఒక్కో నీటి అణువు చేరి తెగుతుంది, ఎంజైములు ఆ పనిని వేగంగా చేయిస్తాయి. అన్నంలోని పిండిపదార్థం తెగడం నోట్లోనే మొదలవుతుంది. వట్టి అన్నం ముద్ద చాలాసేపు నమిలితే తియ్యగా తగులుతుంది చూడండి, అది లాలాజలంలోని అమైలేజు పని. కడుపులో ఆమ్లమూ పెప్సినూ కలిసి మాంసకృత్తుల్ని పట్టుకుంటాయి. చిన్నపేగు మొదట్లో క్లోమం (పాంక్రియాస్) నుంచి రసం వస్తుంది, అసలు వంటవాడు అదే. పైత్యరసంలో ఎంజైము ఉండదు. నెయ్యిని చిన్న చిన్న బొట్లుగా విడగొట్టి క్లోమరసానికి అందిస్తుంది, అంతే. పాపం దానికి "పైత్యం" అని తిట్టు మాత్రం మిగిలింది.

ఇక ఒంటబట్టడం. ఇక్కడే అమ్మగారి మాటకి విలువ. నోటి నుంచి కిందిదాకా ఉన్నది ఒక గొట్టం. అందులో ఉన్నంతసేపు తిండి ఇంకా బయట ఉన్నట్టే లెక్క. పిల్లలు రూపాయి బిళ్ళ మింగి తల్లుల్ని హడలగొడతారు, చాలాసార్లు అది రెండు మూడు రోజుల్లో మలంతో పాటు చెక్కుచెదరకుండా బయటికొస్తుంది. అది ఒంట్లోకి వెళ్ళనేలేదు. చింతగింజ కూడా అంతే. ముక్కలైన తిండి పేగు గోడ దాటి రక్తంలో కలిసినప్పుడే ఒంటబట్టినట్టు.

ఆ గోడ దాటడానికే చిన్నపేగు ఆరు మీటర్ల పొడవుంటుంది. లోపల వెంట్రుకల్లాంటి ఆంత్రచూషకాలు, వాటి కణాల మీద ఇంకా సన్నని నూగు. ఇదంతా పరిస్తే టెన్నిస్ కోర్టంత అని నేను కాలేజీలో చదువుకున్నాను. 2014లో స్వీడన్ వాళ్ళు మళ్ళీ కొలిచి అంత లేదు, జీర్ణనాళమంతా కలిపి 32 చదరపు మీటర్లు అన్నారు, బ్యాడ్మింటన్ కోర్టులో సగానికి దగ్గర. ఇంకో లెక్క: మనం తాగేది రోజుకి రెండు లీటర్లయితే, లాలాజలం దగ్గర్నుంచి క్లోమరసం దాకా ఒళ్ళు పేగులోకి వదిలేది ఏడు లీటర్లు. మొత్తం తొమ్మిదిలో బయటికి పోయేది ఓ గ్లాసుకి మించదు. తక్కిందంతా వెనక్కి పీల్చుకుంటుంది.

మారతహళ్ళి అబ్బాయి:
మేడమ్, అరిగి కూడా ఒంటబట్టకపోవడం, అసలు అరగకపోవడం... ఈ రెంటికీ ఒక్కో ఉదాహరణ చెప్తారా? అమ్మకి చెప్పాలి.

యలహంక డాక్టరమ్మ:
అరగకపోవడానికి పాలు. పాలల్లోని లాక్టోజుని తెంపే ఎంజైము మన దక్షిణాదిలో చాలామంది పెద్దవాళ్ళకి తగ్గిపోతుంది. తాగితే కడుపుబ్బరం, విరేచనం. పెరుగైతే ఇబ్బంది తక్కువ. తోడు బాక్టీరియా ముందే కొంత పని చేసి ఉంటుంది.

అరిగినా ఒంటబట్టకపోవడానికి ట్రాపికల్ స్ప్రూ అని ఓ జబ్బు. వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో దానిమీద చాలా పరిశోధన జరిగింది. చూషకాలు పొట్టిబడి చదునవుతాయి, గోడ దాటే చోటు తగ్గిపోతుంది, మనిషి తింటూనే చిక్కిపోతాడు. రోజూ చూసేది ఇంకొకటి ఉంది, ఇనుము. ఆకుకూర, పప్పు బాగా తిని వెంటనే స్ట్రాంగ్ కాఫీ పట్టిస్తారు. దర్శినిలో, అదే నిలబడి తినే టిఫిన్ హోటల్లో, ఇడ్లీ ప్లేటు పక్కనే కాఫీ లోటా పెట్టేస్తారు కదా. కాఫీ టీలల్లోని పాలీఫినాల్స్ ఇనుముని పట్టేసుకుని గోడ దాటనివ్వవు. నిమ్మరసంలోని విటమిన్ సి దానికి విరుగుడు. పండగ విస్తట్లో కోసంబరి మీద నిమ్మకాయ పిండుతారు చూడండి, ఆ పెసరపప్పులోని ఇనుముకి అది మేలే.

కోలారు అక్క:
డాక్టరమ్మా, నాకో సందేహం. మా వైపు రాగిముద్ద నమలకూడదు, మింగాలి అంటారు. పప్పుచారులో ముంచి గొంతులోకి జార్చడమే. నమిలితే మా నాన్న నవ్వేవారు, "పట్నం వాళ్ళ తిండి" అని. మీరేమో నోట్లోనే మొదలవుతుందంటున్నారు. మా ముద్ద అరగనట్టేనా?

యలహంక డాక్టరమ్మ:
అరుగుతుందక్కా, నిక్షేపంగా. నోట్లో జరిగేది కొంతే, పిండిపదార్థంలో ఎక్కువ భాగాన్ని తెంపేది క్లోమరసమే. ముద్ద ఎలాగూ బాగా ఉడికిన పిండి. ముక్కల కూర మాత్రం నమలకుండా మింగకండి, గొంతుకి అడ్డం పడుతుంది.

శివాజీనగర్ బాబాయి:
మరి జనవరిలో ఇక్కడ అవరేకాయి (అనపకాయ) మేళా. అనపగింజల దోశ, అనపగింజల వడ, మా చిత్తూరు వాళ్ళ పితకపప్పు... నాలుగు రకాలు లాగించి వచ్చాక ఇంట్లో ఎవరూ నా పక్కన కూర్చోరు. ఇది అరగకపోవడమా, ఒంటబట్టకపోవడమా?

యలహంక డాక్టరమ్మ:
మీకు అరగలేదు, ఇంకెవరికో అరిగింది. చిక్కుళ్ళు, అనపగింజల్లో రాఫినోస్, స్టాకియోస్ అని చక్కెరలుంటాయి. వాటిని తెంపే ఎంజైము మనిషి చిన్నపేగులో లేదు. అవి అలాగే పెద్దపేగుకి చేరితే అక్కడి బాక్టీరియా పండగ చేసుకుంటుంది. హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ కూడా. నానబెట్టిన నీళ్ళు పారబోస్తే ఆ చక్కెర కొంత పోతుంది. అందుకని పితకపప్పుకి నానబెట్టి పొట్టు పితికే శ్రమ ఊరికే పోదు. బాబాయిగారూ, మీరు మాత్రం నాలుగు రకాలు ఒకే పూట తినకండి.

బసవనగుడి మాస్టారు:
భాష సంగతికి వస్తే, "చదువు ఒంటబట్టలేదు" అంటాం కానీ "చదువు అరగలేదు" అనం. టీవీ వాళ్ళు "ఓటమిని జీర్ణించుకోలేకపోతున్నారు" అంటారు, మా అమ్మ తరం అయితే "అరాయించుకోలేకపోతున్నాడు" అనేవాళ్ళు. నాకు రెండోదే ఇష్టం. చేదుని గుటకేసి లోపల పెట్టుకోవడం అందులో వినిపిస్తుంది.

మారతహళ్ళి అబ్బాయి:
అమ్మకి అంతా చదివి వినిపించాను. మాస్టారికి నమస్కారాలు చెప్పమంది. డాక్టరమ్మగారికి రెండు ప్రశ్నలు. పాప సంగతేం చేయాలి? నెయ్యి ఎక్కువేస్తే త్వరగా ఒంటబడుతుందా?

యలహంక డాక్టరమ్మ:
పాపని గ్రూపులో చూడలేను నాయనా. ఎత్తూ బరువూ వయసుకి తగ్గట్టు పెరుగుతున్నాయో లేదో పిల్లల డాక్టరు చార్టులో చూస్తారు, నులిపురుగులకి మందేశారో లేదో అడుగుతారు. చాలామంది బక్కపిల్లలు ఆ చార్టులో చక్కగా ఉంటారు.

నెయ్యి విషయంలో అమ్మగారికి ఓ కొత్త సంగతి చెప్పండి. అన్నం, పప్పు అరిగాక వచ్చే చక్కెరా అమైనో ఆమ్లాలూ పేగు నుంచి నేరుగా కాలేయానికి వెళ్తాయి. నెయ్యిది ఆ దారి కాదు. పేగు గోడలో చిన్న పొట్లాలుగా కట్టుకుని, రక్తనాళం పట్టకుండా లింఫు నాళంలోకి దిగి, గుండెల పక్కనుంచి పైకెక్కి, ఎడమ మెడ కింద సిరలో కలుస్తుంది. కాబట్టి త్వరగా అనే మాట నెయ్యికి కుదరదు, కొన్ని గంటలు పడుతుంది. బాగా నెయ్యి పోసుకుని భోంచేసిన మనిషికి మూడు నాలుగు గంటల తరవాత రక్తం తీస్తే, పైన తేలే ప్లాస్మా మజ్జిగలా తెల్లగా కనిపిస్తుంది ఒక్కోసారి. మా ల్యాబులో సంక్రాంతి మర్నాడు ఆ రంగు ఎక్కువ.