పాలడిన్‌కి ఒక లెవెల్ హెక్స్‌బ్లేడ్: ఒప్పుకోవాలా, వద్దా?

గోల్కొండ_డీఎం:
వచ్చే నెల నుంచి మా టేబుల్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (బల్ల చుట్టూ కూర్చుని, డైస్ వేస్తూ, పాత్రలుగా ఆడే కథల ఆట) కొత్త క్యాంపెయిన్. కథ నడిపే డీఎంని నేనే. ఐదో ఎడిషన్, 2014 రూల్సే. స్ట్రెంగ్త్ (బలం), కరిజ్మా (ఆకర్షణ) లాంటి ఆరు స్కోర్లకి డైస్ వెయ్యడం లేదు, వాటిని కొనుక్కోవడానికి అందరికీ 27 పాయింట్లు. ఒకతను పాలడిన్ (ప్రమాణం చేసిన పవిత్ర యోధుడు) తీసుకున్నాడు, సంతోషం. కానీ రెండో లెవెల్లోనే వార్‌లాక్ (ఏదో శక్తితో ఒప్పందం చేసుకుని మంత్రాలు పొందేవాడు) క్లాస్‌లోకి వెళ్లి, అందులో హెక్స్‌బ్లేడ్ అనే శాఖ పెట్టుకుంటాడట. అప్పుడు కత్తి దెబ్బకి స్ట్రెంగ్త్ బదులు కరిజ్మా లెక్కకొస్తుంది. మంత్రాలకీ కరిజ్మానే, తర్వాత వచ్చే ఆరాకీ (చుట్టూ ఉన్నవాళ్లని కాపాడే శక్తి) కరిజ్మానే. నేను వద్దన్నాను. మీరైతే ఏం చేస్తారు?

నాలుగు_డైస్:
ఒప్పుకుంటాను. ముందు లెక్క చూడండి. మామూలు పాలడిన్‌కి స్ట్రెంగ్త్ 15, కరిజ్మా 15 కొనాలంటే ఒక్కోదానికి 9 చొప్పున 18 పాయింట్లు పోతాయి. కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) 14కి ఇంకో 7. మిగిలిన 2 పాయింట్లతో ఒకటి 10కి తెచ్చుకుంటే తక్కిన రెండూ 8 దగ్గరే ఉండిపోతాయి. ఫైటర్‌కి ఈ బాధ లేదు.

పైగా హెక్స్‌బ్లేడ్ ఊరికే రాదు. ఐదో లెవెల్లో రావాల్సిన రెండో దాడి ఆరుకి పోతుంది, ఆరా ఏడుకి పోతుంది. మల్టీక్లాస్ (రెండు క్లాసులు కలపడం) కోసం స్ట్రెంగ్త్ 13 ఎలాగూ ఉంచుకోవాలి. ప్లేట్ కవచానికి 15 కావాలి, లేకపోతే వేగం 10 అడుగులు తగ్గుతుంది. ఒక్క లెవెల్‌తో రెండు చేతుల కత్తికి కరిజ్మాతో కొట్టే సౌకర్యం రాదు కూడా. ఇంత వదులుకుంటున్నవాణ్ణి పట్టుకుని వద్దనడమేంటి?

బెజవాడ_బార్డ్:
ఒక లెవెల్ ఆలస్యమైతే వదులుకున్నట్టా? హెక్స్‌బ్లేడ్‌తో వచ్చే షీల్డ్ స్పెల్ ఊసే ఎత్తలేదేం బ్రో? అవసరమైనప్పుడు ఏసీకి (దెబ్బ తగలకుండా కాపాడే అంకె) 5 కలుస్తుంది. షార్ట్ రెస్ట్‌కే (చిన్న విశ్రాంతికే) తిరిగొచ్చే స్లాట్‌తో (ఒక మంత్రానికి సరిపడే శక్తితో) స్మైట్ (పాలడిన్ కొట్టే అదనపు దెబ్బ) కూడా కొట్టొచ్చు.

గోల్కొండ_డీఎం:
అదొక్కటే కాదు. 2014 పుస్తకంలో మల్టీక్లాసింగ్ ఐచ్ఛికం. ఇవ్వాలా వద్దా అన్నది డీఎం ఇష్టం.

నాలుగు_డైస్:
ఫీట్స్ (ప్రత్యేక నైపుణ్యాలు) కూడా ఐచ్ఛికమే, అదే అధ్యాయంలో ఉన్నాయి. మీ టేబుల్లో ఫీట్స్ ఇస్తున్నారా, లేదా? దీనికి జవాబు చెప్పండి ముందు.

గోల్కొండ_డీఎం:
ఇస్తున్నాను. దానికీ దీనికీ సంబంధం లేదు.

నాలుగు_డైస్:
ఎందుకు లేదండీ? ఐచ్ఛికం అన్న మాట మీకు నచ్చనిదానికే గుర్తొస్తోంది. నేను ఆడిన ఒక టేబుల్లో ఇదే జరిగింది. నేనేది అడిగినా ‘ఐచ్ఛికం’ అనేవాడు. అదే డీఎం తన స్నేహితుడికి మూడో లెవెల్లో ఫ్లేమ్ టంగ్ కత్తి ఇచ్చాడు. దెబ్బకి 2డీ6 (ఆరు ముఖాల డైస్ రెండు) మంట అదనం!

స్పెల్‌స్లాట్_శీను:
2024 పుస్తకానికి మారిపోండి. సబ్‌క్లాస్ (క్లాస్‌లోని శాఖ) మూడో లెవెల్ దాకా రాదు, గొడవ ఉండదు.

బెజవాడ_బార్డ్:
ఉంటుంది. అందులో పాక్ట్ ఆఫ్ ద బ్లేడ్ అనే వార్‌లాక్ శక్తి మొదటి లెవెల్లోనే తీసుకోవచ్చు. అప్పుడూ కరిజ్మాతోనే దాడి.

డాలస్_క్లెరిక్:
టేబుల్లో ఇంకా ఎవరెవరు ఏం తీసుకున్నారో చెప్పండి. నేను అడిగేది ఎందుకంటే, ఛాంపియన్ ఫైటర్‌కి మూడో లెవెల్లో దొరికేది ప్రధానంగా ఇరవై ముఖాల డైస్ మీద 20కే కాక 19కి కూడా క్రిట్ (రెట్టింపు డైస్‌తో దెబ్బ) పడడమే. హెక్స్‌బ్లేడ్ శాపం వేసిన శత్రువు మీద అదే సౌకర్యం వార్‌లాక్ మొదటి లెవెల్లోనే ఇస్తుంది. ఒక్క శత్రువు మీదే, ఒక్క నిమిషమే, నిజమే. కానీ పెద్ద పోరాటం సాధారణంగా ఆ నిమిషంలోనే తేలిపోతుంది. నేను అలాంటి పార్టీలో ఫైటర్‌గా ఆడాను. నా వంతు వచ్చేసరికి అవసరమైన పని ఇంకొకరు చేసేసి ఉండేవారు.

గోల్కొండ_డీఎం:
ఉందండీ, ఛాంపియన్ ఉంది. మొదటిసారి ఆడుతున్న అమ్మాయి.

నాలుగు_డైస్:
ఆ అమ్మాయి ఫిర్యాదు చేసిందా? లేదు కదా. ఆమె పేరు చెప్పి ఇంకొకరి చేతులు కట్టెయ్యకండి. అసలు మీ కోపం దేనిమీదో ఇప్పటికీ చెప్పలేదు. కథ మీ ఇష్టప్రకారమే నడవాలంటే నవల రాసుకోండి, ప్లేయర్లెందుకు?

గోల్కొండ_డీఎం:
మాట జాగ్రత్త. సరే, చెప్తాను. వార్‌లాక్ అంటే ఎవరితోనో ఒప్పందం చేసుకున్నవాడు. హెక్స్‌బ్లేడ్‌కైతే షాడోఫెల్ అనే చీకటి లోకం నుంచి వచ్చిన శక్తి, చీకటితో చేసిన ఆయుధాలు. అక్కడ దేవుడి ముందు ప్రమాణం చేసి, ఇక్కడ దీనికి మాటిచ్చిన మనిషి లోపల ఏం జరుగుతుంది? ఆ కథ ఆడించాలని నాకు ప్రాణం లేచొచ్చింది. అతన్ని అడిగితే, ‘అదేం లేదన్నా, నంబర్ల కోసమే, కథలోకి తేవద్దు’ అన్నాడు. 20 లెవెళ్ల పట్టిక ముందే రాసుకొచ్చాడు. నేను వద్దన్నది అప్పుడే.

నాలుగు_డైస్:
ఇది మొదటి పోస్టులోనే చెప్పాల్సింది. అతను అన్నది నాకు అర్థమైంది. నేను ఒకప్పుడు వార్‌లాక్ ఆడాను. డీఎంకి నేను ఏదైనా చెయ్యడం నచ్చకపోతే చాలు, ప్యాట్రన్ (వార్‌లాక్ ఒప్పందం చేసుకున్న ఆ శక్తి) ప్రత్యక్షమయ్యేవాడు. బందీని వదిలేస్తే శక్తులు తీసేస్తానని బెదిరింపు. మిగతావాళ్లు స్వేచ్ఛగా ఆడుతుంటే నా క్యారెక్టర్‌కి ఒక్కదానికే తాడు. ‘కథలోకి తేవద్దు’ అనేవాడు కథంటే ఇష్టం లేనివాడు కానక్కర్లేదు. ఒకసారి దెబ్బ తిన్నవాడు కూడా అవ్వొచ్చు.

డాలస్_క్లెరిక్:
అయితే ప్యాట్రన్ ఎవరో అతన్నే రాయమనండి. శక్తులు తీసెయ్యనని మీరు ముందే మాటివ్వండి.

గోల్కొండ_డీఎం:
శక్తులు తీసే ఆలోచన నాకెప్పుడూ లేదు. ఆ మాటిస్తాను. కానీ ప్యాట్రన్ అనేవాడు ఉండాలి, ఎప్పుడో ఒకసారి కనిపించాలి. అస్సలు ఉండకూడదంటే నా జవాబు ఇప్పటికీ వద్దనే. ఇంకొకటి, ఆ శాపంలో 19కి క్రిట్ తీసేస్తాను, ఛాంపియన్ కోసం.

నాలుగు_డైస్:
మొదటిది ఒప్పుకుంటున్నా. రెండోది ఒప్పుకోను. ఆ అమ్మాయికి ఏదైనా కలపండి, ఇతని దగ్గర తియ్యకండి.

బెజవాడ_బార్డ్:
ముందు ఆ అమ్మాయిని అడగండి. ఇంతసేపూ ఆమె గురించి మాట్లాడుతున్నారే గానీ, ఆమెకేం కావాలో ఎవరికీ తెలీదు.