పాత మెయిళ్లను కొత్త కంప్యూటర్‌కు తరలించడం: సర్వర్ మీదుగానా, ఫైళ్లుగానా?

చుక్కాని

విండోస్‌లో అవుట్‌లుక్‌తో చాలా ఏళ్లు గడిపాక ఇప్పుడు లినక్స్‌కు, థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాముకు మారుతున్నాను. పాత మెయిళ్లన్నీ ఒకే పీఎస్‌టీ ఫైలులో, అంటే అవుట్‌లుక్ మెయిళ్లు దాచుకునే ఫైలులో ఉన్నాయి. అప్పట్లో పాప్ పద్ధతిలో, అంటే కంప్యూటర్‌కు దింపి సర్వర్‌లో చెరిపేసే తీరులో దింపుకున్నవి కాబట్టి సర్వర్‌లో వాటి ప్రతులు లేవు. ఉద్యోగ ఒప్పందాలున్నాయి, నాన్నగారు రాసిన ఉత్తరాలున్నాయి. ఒక్కటి కూడా పోకూడదు.

అడిగినవాళ్లంతా రెండు దారులు చూపిస్తున్నారు. మెయిళ్లను సర్వర్‌లోనే ఉంచే ఐమాప్ పద్ధతి ఖాతా ఒకటి తీసుకుని, అవుట్‌లుక్ నుంచి ఫోల్డర్లను అందులోకి ఎక్కించి, కొత్త కంప్యూటర్‌లో థండర్‌బర్డ్‌తో దింపుకోవడం ఒకటి. పీఎస్‌టీని ఎంబాక్స్ అనే వచన ఫైళ్లుగా మార్చి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లడం ఇంకొకటి. నా మొగ్గు మొదటిదానివైపే. మార్పిడి జరిగిన ప్రతిచోటా ఏదో ఒకటి జారిపోతుంది. సర్వర్ మీదుగా వెళ్తే మార్పిడే ఉండదు కదా. కాదనేవారు కారణం చెప్పండి.

తీగమల్లి

మీ ఆలోచన సరైనదే. ఐమాప్‌ను 1986లో మార్క్ క్రిస్పిన్ స్టాన్‌ఫర్డ్‌లో రూపొందించారు. 2021లోనూ ఆ ప్రమాణాన్ని సవరించారు. పేరున్న మెయిల్ ప్రోగ్రాములన్నీ దాన్ని అర్థం చేసుకుంటాయి. సర్వర్‌లో మెయిల్ పెట్టేటప్పుడు అది చదివినదా కాదా, జవాబిచ్చారా, ముఖ్యమని గుర్తు పెట్టారా అన్న వివరాలనూ, అందిన తేదీనీ దాంతోపాటే పంపే వీలుంది. ఫోల్డర్ల అమరిక చెదరదు. ఏ ప్రోగ్రాము లోపల ఎలా దాచుకుంటుందో మీరు తెలుసుకోనక్కర్లేదు. దారి మధ్యలో అపరిచిత సాఫ్ట్‌వేర్ ఏదీ ఉండదు.

కాగితపు పడవ

చుక్కాని గారూ, మార్పిడే ఉండదన్న చోటే నా అభ్యంతరం. అవుట్‌లుక్ మెయిల్‌ను వచ్చింది వచ్చినట్టు దాచదు. అందిన వెంటనే విషయం, పంపినవారు, తేదీ, వచనం, అటాచ్‌మెంట్లు ఇలా విడివిడి గుణాలుగా విడగొట్టి పీఎస్‌టీలో పెట్టుకుంటుంది. మీరు ఒక ఫోల్డర్‌ను ఐమాప్ ఖాతాలోకి లాగినప్పుడు ఆ ముక్కలన్నిటినీ కూర్చి మళ్లీ ఒక మెయిల్‌ను తయారు చేసి పంపుతుంది. అంటే మార్పిడి జరుగుతూనే ఉంది, అది మీ కంటికి కనబడని చోట జరుగుతోంది. మెయిల్ దారిలో మారలేదని రుజువు చేసేందుకు పంపిన సంస్థ వేసిన డీకిమ్ అనే డిజిటల్ సంతకం ఆ కొత్త ప్రతిలో సరిపోకపోవచ్చు. ఒప్పందాల విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

పీఎస్‌టీ నుంచి ఎవరు బయటికి తీసినా ఇదే పరిస్థితి. ఆ లోపం ఫైళ్ల దారిలోనూ ఉందని ఒప్పుకుంటాను. తేడా అల్లా, ఫైళ్ల దారిలో పని మొత్తం మీ కళ్ల ముందు ఉంటుంది. పీఎస్‌టీ నిర్మాణ వివరాలను మైక్రోసాఫ్ట్ 2010లోనే బయటపెట్టింది. లిబ్‌పీఎస్‌టీలో భాగమైన రీడ్‌పీఎస్‌టీ అనే ఉచిత సాధనం లినక్స్‌లో సులువుగా దొరుకుతుంది. అది పీఎస్‌టీని చదువుతుందే కానీ ముట్టుకోదు. ఫలితం నచ్చకపోతే చెరిపేసి ఇంకో విధంగా మళ్లీ తీయవచ్చు. సర్వర్‌కు ఎక్కించేటప్పుడు మధ్యలో కనెక్షన్ తెగితే ఏది వెళ్లిందో ఏది మిగిలిందో తేల్చుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. పైగా ఖాతాలో చోటు పరిమితం. నాన్నగారి ఉత్తరాలను ఎవరిదో సర్వర్‌లో ఉంచడం మీకు ఇష్టమేనా?

తీగమల్లి

ఎంబాక్స్‌కూ రోగాలున్నాయి, వాటినీ చెప్పాలి. అందులో మెయిళ్లన్నీ ఒకే పెద్ద వచన ఫైలులో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఇంగ్లిష్‌లో ఫ్రమ్ అనే మాట, దాని పక్కన ఒక ఖాళీ, వీటితో ఒక వరుస మొదలైతే అక్కడ కొత్త మెయిల్ మొదలైనట్టు లెక్క. మరి ఉత్తరం మధ్యలోనే ఒక వాక్యం అదే మాటతో మొదలైతే? దాని ముందు > గుర్తు చేర్చి దాస్తారు. కొన్ని ప్రోగ్రాములు చదివేటప్పుడు ఆ గుర్తును తీసేస్తాయి, కొన్ని తీయవు. గుర్తు చేర్చనే చేర్చకపోతే ఒకే ఉత్తరం రెండుగా చీలిపోతుంది. రెండో ముక్కకు పంపినవారి పేరుండదు, తేదీ ఉండదు. ఎంబాక్స్ అన్న ఒకే పేరుతో ఒకదానితో ఒకటి సరిగ్గా పొసగని రకాలు కనీసం నాలుగున్నాయి. చదివినవీ చదవనివీ గుర్తించడానికి అందరూ పాటించే పద్ధతి కూడా లేదు. థండర్‌బర్డ్ తనదైన శీర్షిక (హెడర్) వరుస ఒకటి చేర్చుకుంటుంది, ఇతరులు ఇంకొకటి.

నిశిత

ఇద్దరూ ఒకే పెద్ద ఫైలు చుట్టూ తిరుగుతున్నారు. మెయిల్‌కొక ఫైలు అన్న మార్గాన్ని ఎందుకు వదిలేశారు? రీడ్‌పీఎస్‌టీ ఒక్కో మెయిల్‌ను ఒక్కో ఈఎమ్ఎల్ ఫైలుగా కూడా తీసివ్వగలదు. ఒక ఫైలు పాడైతే ఒక మెయిల్ పోతుంది, మిగతావి పదిలం. బ్యాకప్‌లోనూ తేడా పెద్దది. ఎంబాక్స్‌లో ఒక్క కొత్త మెయిల్ చేరినా, మామూలు బ్యాకప్ ప్రోగ్రాము 10 జీబీ ఫైలును మొత్తం మళ్లీ కాపీ చేస్తుంది. ఆపిల్ మెయిల్ కూడా 2005లో ఎంబాక్స్‌ను వదిలి మెయిల్‌కొక ఫైలు పద్ధతికి మారింది. కాకపోతే ఈఎమ్ఎల్ఎక్స్ అనే తన ఫైలుకు మొదటి వరుసలో ఒక సంఖ్య, చివర సొంత సమాచారం తగిలించింది. పేరు దగ్గరగా ఉందని దాన్ని ఈఎమ్ఎల్ అనుకోకండి.

డేనియల్ బెర్న్‌స్టైన్ క్యూమెయిల్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రాము కోసం తెచ్చిన మెయిల్‌డిర్ అనే పద్ధతి కూడా ఇదే దారి. చదివామా, జవాబిచ్చామా అన్న గుర్తులు ఫైలు పేరులోనే ఉంటాయి. ఒక్క జాగ్రత్త: ఆ పేర్లలో : గుర్తు ఉంటుంది, విండోస్ దాన్ని ఫైలు పేరులో ఒప్పుకోదు. ఆ ఫోల్డర్లను విండోస్ కంప్యూటర్‌కు తీసుకెళ్లాలంటే ముందు ఒకే టార్ ఫైలుగా కట్టుకోవాలి.

పాత అచ్చు

తెలుగులో రాసుకునేవాళ్ల కోసం రెండు మాటలు. చుక్కాని గారి పీఎస్‌టీ 2003కు ముందటి అవుట్‌లుక్‌లో సృష్టించినదైతే, దానికి 2 జీబీ పరిమితి ఉంది, అన్ని భాషల అక్షరాలకూ చోటిచ్చే యూనికోడ్ లేదు. తెలుగు అక్షరాల చోట ఇప్పటికే ప్రశ్నార్థకాలుంటే ఏ దారిలో తీసినా అక్షరాలు తిరిగి రావు. ఇక ఫోల్డర్ల పేర్లు తెలుగులో ఉంటే, ఐమాప్ వాటిని & గుర్తుతో మొదలయ్యే సంకేత రూపంలో దాచే పద్ధతి చాలాకాలం నడిచింది. కొన్ని సాధనాలు ఆ పేర్లను అలాగే ఫైలు పేర్లుగా దింపేస్తాయి. తరలించే ముందే ఫోల్డర్ల పేర్లు ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి.

చుక్కాని

అవుట్‌లుక్ ముక్కలు చేసి దాస్తుందన్న సంగతి నాకు తెలియదు. అది తెలిశాక నా వాదనకు ఆధారం పోయింది. ఈఎమ్ఎల్ ఫైళ్లుగా తీసి భద్రపరుస్తాను. రోజువారీ వాడకానికి వాటినే ఇంపోర్ట్‌ఎక్స్‌పోర్ట్‌టూల్స్ ఎన్‌జీ అనే యాడ్ఆన్‌తో థండర్‌బర్డ్‌లోని లోకల్ ఫోల్డర్స్‌లోకి తెచ్చుకుంటాను. అన్నీ వచ్చాయని తేల్చుకునేదెలా? ఆ తర్వాత పీఎస్‌టీని తీసేయవచ్చా?

తీగమల్లి

అన్నీ సరిచూసుకున్నాక తీసేయండి. ఒకే మెయిల్‌కు రెండు ప్రతులుంటే కొన్నాళ్లకు ఏది సరైనదో మీకే తెలియకుండా పోతుంది. సర్వర్ దారే సులువన్నది ఇప్పటికీ నా అభిప్రాయం. ఆ దారిలో వెళ్లేవాళ్లు మాత్రం ఫోల్డర్లను లాగి పడేయకుండా కాపీ చేయండి. లాగితే పాతచోట మిగలకపోవచ్చు.

కాగితపు పడవ

తీసేయవద్దు. తీగమల్లి గారితో ఈ ఒక్క విషయంలో ఏకీభవించలేను. ఇవాళ్టి సాధనం వదిలేసిన వివరాన్ని రేపటి సాధనం చదవవచ్చు, దానికి అసలు ఫైలు ఉండాలి. దాన్ని చదవడానికి మాత్రమే వీలయ్యేలా మార్చి విడి డిస్కులో పెట్టండి.

సరిచూసుకోవడానికి ముందు ఫోల్డర్ల వారీగా లెక్క పోల్చండి. అవుట్‌లుక్‌లో ఫోల్డర్ లక్షణాల్లో మొత్తం సంఖ్య చూపమని అడగవచ్చు. లేకపోతే చదవనివాటి సంఖ్యే కనబడుతుంది. లెక్క తేడా వస్తే కంగారు పడకండి, ఆ ఫోల్డర్‌లో మెయిళ్లతోపాటు సమావేశాల ఆహ్వానాలు, అందినట్టు వచ్చిన రసీదులు ఉన్నాయేమో చూడండి. రీడ్‌పీఎస్‌టీ క్యాలెండర్ అంశాలను వేరే ఫైళ్లుగా తీస్తుంది. తర్వాత అన్నిటికంటే పాతవి కొన్ని, అటాచ్‌మెంట్లు పెద్దవిగా ఉన్నవి కొన్ని, తెలుగులో రాసినవి కొన్ని తెరవండి. అటాచ్‌మెంటు పేరు కనబడితే చాలదు, దాన్ని తెరిచి చివరి పేజీ వరకు చూడండి. తేదీల వరుసలో అమర్చినప్పుడు పాత ఉత్తరాలన్నీ ఇవాళ్టి తేదీతో పైకి వస్తే, థండర్‌బర్డ్‌లో అందిన తేదీ అనే నిలువు వరుస కాకుండా పంపిన తేదీ వరుసను ఎంచుకోండి. అక్కడ అసలు తేదీలే కనిపిస్తే మెయిల్ లోపలి తేదీ చెడలేదన్నమాట.