బాపు గోళ్లు ఊడుతున్నాయి, గడ్డి మందు వల్లేనా?

మానుకోట ఆడబిడ్డ:
అందరికీ నమస్తే. మాది మహబూబాబాద్ దగ్గర పల్లె, నాలుగెకరాల పత్తి. మా బాపుకు 57 ఏళ్లు. మా చేనుకే కాదు, రెండేళ్ల నుంచి ఊళ్లో వాళ్లకు కూడా ట్యాంకుకు ఇంతని గడ్డి మందు కొడుతున్నాడు.

బతుకమ్మకు ఇంటికి వచ్చాను. అన్నం తినేటప్పుడు బాపు చెయ్యి చూశాను. బొటనవేలు, చూపుడువేలు గోళ్లకు అడ్డంగా తెల్లటి పట్టీ. ఒక గోరు మొదట్లోనే లేచిపోయి కింద ఎర్రగా కనబడుతోంది. పచ్చిమిరపకాయ తొక్కు కలుపుకుంటే మంట పుట్టి చెంచా అడిగాడు. మా బాపు చెంచాతో తినడం నేనెప్పుడూ చూడలేదు.

అమ్మను అడిగితే, శ్రావణంలో రెండుసార్లు ముక్కులోంచి రక్తం కారిందని చెప్పింది. వేడి చేసిందనుకుని ఉల్లిగడ్డ వాసన చూపించారట. పంపు చూస్తే మూత దగ్గర వాషరు పోయి, గుడ్డపీలిక చుట్టి ఉంది. అది కారిన చోటే బాపు నడుము మీద అరచెయ్యంత నల్లమచ్చ. దుకాణంలో మాత్రం "అది గడ్డిని మాడ్చే మందు, మనిషికి ఏం కాదు" అన్నారట.

ఇదంతా మందు వల్లేనా? ఆపేస్తే తగ్గుతుందా? ట్యాంకు కడిగేది మా బావి గట్టు మీదే. ఆ నీళ్లు తాగొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

ఇంకో మాట. ఈసారి గునుగు పువ్వు కోసం మా గట్లన్నీ తిరిగాను. ఒక్క గుప్పెడు దొరకలేదు. గట్లు మాడిపోయి ఉన్నాయి.

విశ్రాంత ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి):
అమ్మా, ముందు డబ్బా చూడండి. పైన పెద్దగా ఉండే కంపెనీ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు. "పారాక్వాట్ డైక్లోరైడ్ 24 శాతం" అని ఉండి, పసుపు త్రికోణం ఉంటే మీ అనుమానం చాలావరకు నిజమే. చిక్కటి మందును వట్టి చేతులతో కొలిచి పోసేవాళ్లకు గోళ్లు ఇలాగే తెల్లబడి ఊడతాయి. తుంపర ముక్కులో పడితే లోపలి పొర దెబ్బతిని రక్తం వస్తుంది. అది వేడి కాదమ్మా. తడి చొక్కా గంటల తరబడి ఒంటికి అంటుకుని ఉంటే చర్మం కాలుతుంది, ఆ పుండు గుండా మందు ఒంట్లోకి పోతుంది. ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది, కిడ్నీలనూ దెబ్బతీస్తుంది. దీనికి విరుగుడు లేదు. స్విట్జర్లాండ్ 1989లో, యూరోపియన్ యూనియన్ 2007లో, థాయ్‌లాండ్ 2020లో దీన్ని ఆపేశాయి. కేరళ 2011లోనే నిషేధించింది. కేంద్రం పత్తికి అనుమతించింది కదా అని భయం లేదనుకోవద్దు.

గ్లైఫోసేట్ అని ఉంటే సంగతి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో దాన్ని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది. అమెరికా, యూరప్ నియంత్రణ సంస్థలు ఒప్పుకోలేదు. ఆ వాదన ఎటు తేలినా, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ అది కొట్టకూడదని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. కౌంటర్ మీద డబ్బా పెట్టి అమ్ముతుంటే నాకు కడుపు మండుతుంది.

బావి సంగతి. పారాక్వాట్ మట్టిని గట్టిగా పట్టుకుంటుంది. బురదనీళ్లలో కలిపితే పనిచెయ్యనిది అందుకే. కాబట్టి చేలో కొట్టింది భూమిలోకి దిగి బావిలో చేరడం తక్కువ. కానీ గట్టు మీద కడిగిన నీళ్లు నేరుగా బావిలోకే జారతాయి. ఆ నీళ్లు తాగడం ఇవాళే ఆపండి.

పల్నాడు రైతు:
చెల్లెమ్మా, గట్టు సంగతి నేను చెప్తా. మూడేళ్లు వరసగా గట్టు మీద గరిక మాడ్చాను, చూడ్డానికి శుభ్రంగా ఉందని. నాలుగో ఏడు ఒక్క వానకే గట్టు జారి కాలువలో పడింది. మట్టిని పట్టుకున్నది ఆ గరిక వేళ్లే. ఇంకోటి, మొక్కజొన్నకు టూ ఫోర్ డీ అనే గడ్డి మందు కొట్టిన పంపుతోనే పత్తికి పురుగుమందు కొట్టాను. కడిగాననే అనుకున్నా. వారానికి పత్తాకులు సన్నగా చీలి బెండాకుల్లా అయ్యాయి. ఆ ఏడు గూడ (పూమొగ్గ) రాలింది, కాయ నిలవలేదు. గడ్డి మందుకు పంపు వేరేగా ఉండాల్సిందే.

ఏరియా ఆసుపత్రి నర్సు:
అక్కా, రేపే డాక్టరుకు చూపించండి. డబ్బా ఫొటో తీసుకెళ్లండి. ఏ మందో తెలియక మా దగ్గర చాలా టైం పోతుంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే రాస్తారు. దగ్గు, ఆయాసం ఉంటే దాచొద్దని చెప్పండి. మందు ముట్టుకోవడం మానేస్తే గోళ్లు మళ్లీ వస్తాయి, నెలలు పడుతుంది. ఒంటి మీద పడితే బట్టలు అక్కడికక్కడే విప్పి, సబ్బుతో బాగా కడగాలి. మిగిలిన మందు కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం పొయ్యకండి. దాహమేసి అలాంటి సీసా ఎత్తిన పిల్లాణ్ణి మా వార్డులో చూశాను. ఇప్పటికీ నిద్ర పట్టదు.

మానుకోట ఆడబిడ్డ:
అందరికీ చేతులెత్తి మొక్కుతున్నా. డబ్బా చూశాను. పసుపు త్రికోణం, పారాక్వాట్. ఎక్స్‌రే బాగానే ఉందన్నారు, క్రియాటినిన్ కొద్దిగా ఎక్కువ, పది రోజులాగి మళ్లీ చూస్తారట. పాత పంపు చూరు కింద నుంచి తీసి పగలగొట్టాను. "మందు కొట్టకుంటే కలుపెవరు తీస్తరు బిడ్డా?" అన్నాడు బాపు. నిజమే. పది మందిని పెడితే రోజుకు నాలుగు వేలు. వచ్చే ఏడు సాళ్లు ఎడంగా పెట్టి రెండుసార్లు గుంటుక తోలుదాం, మొదళ్లలోది మనమే తీసుకుందాం అని ఒప్పించాను. అమ్మ వెంటనే ఒప్పుకుంది. కలుపు తీస్తూ ఒడి నిండా చెంచలి కూర తెచ్చిన రోజులు ఆమెకు గుర్తున్నాయి.

అర లీటరు దాకా మందు మిగిలింది. తాళం పెట్టి ఉంచాను. బావిలోకి, వాగులోకి పోకుండా దీన్ని ఏం చెయ్యాలో చెప్పండి సార్.