అప్‌డేట్: బైక్ ముందు బ్రేక్ పట్టేస్తోందని అడిగా కదా, కారణం దొరికింది

పోయిన వారం అడిగింది నేనే, ముందు డిస్క్ ప్యాడ్లు కొత్తవి వేయించినా చక్రం ఫ్రీగా తిరగట్లేదు, కాస్త దూరం పోతే డిస్క్ కాలిపోతోంది అని. చాలామంది మాస్టర్ సిలిండర్ (లివర్ దగ్గర బ్రేక్ ఫ్లూయిడ్‌ని నెట్టే భాగం) మార్చెయ్ అన్నారు, నేనూ కొనబోయా. ఒకాయన మాత్రం ముందు బ్లీడింగ్ నిపిల్ (ఫ్లూయిడ్, గాలి బయటికి వదిలే చిన్న స్క్రూ) కొంచెం లూజ్ చెయ్యి, చక్రం ఫ్రీ అయితే ప్రెషర్ వెనక్కి పోవట్లేదని, కాకపోతే తప్పు ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే కాలిపర్‌లోనే అని అన్నారు. ఫ్రీ అవ్వలేదు.

కాలిపర్ విప్పితే అది అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్ను ఒకటి తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది, రబ్బరు బూటు చిరిగి వాన నీళ్లన్నీ అందులోకే. దాన్ని తిప్పుతూ లాగుతూ బయటికి తీసేసరికి గంట పట్టింది బాబూ. ఎమెరీ పేపర్‌తో రుద్ది, కొత్త బూట్లు వేసి సిలికాన్ గ్రీజు పట్టించా, మామూలు గ్రీజైతే రబ్బరు ఉబ్బిపోతుందట, మా మెకానిక్ అదే పూసి ఉంటాడని నా డౌటు.

ఫ్లూయిడ్ డికాక్షన్ రంగులో ఉంది, ఎలాగూ విప్పాం కదా అని డాట్ 4 రకం కొత్తది పోశా. పాతది, గాలి బయటికి పోవడానికి లివర్ నొక్కి పట్టుకుని నిపిల్ తిప్పడం, బిగించాకే లివర్ వదలడం, ఇంతే పని, కానీ నేను పైన ఫ్లూయిడ్ డబ్బా ఖాళీ అవ్వడం చూసుకోలేదు, గాలి దూరి మళ్లీ మొదటికొచ్చింది. ట్యాంకు మీద చుక్కలు పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి, పెయింట్ తినేస్తుంది.

ఇప్పుడు చక్రం చేత్తో తిప్పితే హాయిగా తిరుగుతోంది. స్లోలో కాస్త కీచుమంటోంది, ప్యాడ్లు సెట్ అయ్యాక చూడాలి.