కార్బ్యురేటర్ శుభ్రం చేయించిన కొన్నాళ్లకే మళ్లీ అదే సమస్య, అసలు లోపం ఎక్కడ?

నాది 150 సీసీ పాత బైక్, కార్బ్యురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే భాగం) మోడల్. శుభ్రం చేయించినప్పుడల్లా కొన్ని వారాలు బాగానే నడుస్తుంది. తర్వాత ఇంజిన్ వేడెక్కాక కూడా యాక్సిలరేటర్ వదిలితే చాలు, ఆగిపోతుంది. చోక్ (గాలి తగ్గించి పెట్రోల్ పాలు పెంచే మీట) కొంచెం లాగితే మాత్రం నిలబడుతుంది. అంటే పెట్రోల్ తక్కువ అందుతోందనే కదా? స్పార్క్ ప్లగ్ కూడా తెల్లగానే ఉంది, అదీ పెట్రోల్ తక్కువకే గుర్తు. స్పీడులో ఏ ఇబ్బందీ లేదు కాబట్టి మెయిన్ జెట్ (స్పీడులో పెట్రోల్ అందించే సన్నని రంధ్రం) కన్నా పైలట్ జెట్ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు అందించేది) మీదే నా అనుమానం.

విప్పిన ప్రతిసారీ ఫ్లోట్ బౌల్ (కార్బ్యురేటర్‌లో పెట్రోల్ నిలిచే గిన్నె) అడుగున గోధుమరంగు సన్నని పొడి కనిపిస్తోంది. ట్యాంకులో తుప్పేమో. కానీ ఫిల్టర్ కొత్తదే, మరి ఆ పొడి దాన్ని దాటి ఎలా వస్తోంది? ట్యాంకులోకి గాలి వెళ్లక పెట్రోల్ దిగట్లేదేమోనని మూత వదులు చేసి నడిపినా తేడా లేదు.

ఇంకో చిక్కు: పెట్రోల్ కాక్ తెరిచి ఉంచి బండి ఆపితే ఓవర్‌ఫ్లో పైపు నుంచి చుక్కలు కారుతున్నాయి. కార్బ్యురేటరే మార్చేయమంటున్నాడు మెకానిక్. చెత్త ట్యాంకు నుంచే వస్తుంటే కొత్తదీ పూడుకుపోదా, నాకైతే నచ్చలేదు.

ట్యాంకు లోపలి తుప్పు పెయింట్ పాడవకుండా ఎలా తీయాలి? కారడానికి నీడిల్ వాల్వ్ (బౌల్ నిండగానే పెట్రోల్ ఆపేది) అరిగిందా, లేక అక్కడా చెత్తే అడ్డుపడిందా, ఎలా తేల్చాలి? ఇన్‌టేక్ రబ్బరు (కార్బ్యురేటర్‌ను ఇంజిన్‌కు కలిపేది) దగ్గర గాలి లీకైనా ఇవే లక్షణాలు వస్తాయా? ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు ముందు ఏది చూడాలో చెప్పండి, ప్లీజ్.