అపార్ట్‌మెంట్ రిపేర్లకు వర్క్ ఆర్డర్ ఎలా రాస్తున్నారు? నోటిమాట మీద నడిపి నష్టపోయాం

కొత్త కార్యదర్శి:
అందరికీ నమస్కారం. మాది కూకట్‌పల్లి వైపు 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, కట్టి 11 ఏళ్లయింది. ఏప్రిల్‌లో అసోసియేషన్ బాధ్యత నా మీద పడింది. పోయిన ఏడాది పాత కమిటీ 1,85,000 రూపాయలు పెట్టి టెర్రస్‌కు వాటర్‌ప్రూఫింగ్ చేయించింది. ఈసారి మొదటి పెద్ద వానకే పై అంతస్తులో మూడు ఫ్లాట్లు కారాయి, ఒక ఇంట్లో అయితే మంచాన ఉన్న పెద్దావిడ మీదే చుక్కలు పడుతుంటే రాత్రికి రాత్రి మంచం జరిపాం. కాంట్రాక్టర్‌కు ఫోన్ చేస్తే "నీళ్లు పిట్టగోడ నుంచి దిగుతున్నాయి, ఆ పని నాకు చెప్పలేదు" అంటున్నాడు. పాత కమిటీ వాళ్లు చెప్పామంటున్నారు. కాగితం చూద్దామంటే వాట్సాప్‌లో వచ్చిన ఒక పేజీ కొటేషన్ ఉంది, అందులో "టెర్రస్ కంప్లీట్ వర్క్" అని ఒక్క లైను. డబ్బు మొత్తం ఇచ్చేశారు. ఇకమీదట ఏ పనైనా రాతపూర్వకంగానే ఇవ్వాలని ఉంది, కానీ ఏం రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. మీరెలా రాస్తున్నారు?

రిటైర్డ్ ఇంజినీర్:
అమ్మా, నేను ఆర్ అండ్ బీలో చేసి రిటైరయ్యాను. కొటేషన్ వాళ్లు రాసేది, వర్క్ ఆర్డర్, అంటే ఏ పని ఎంతకు చేయాలో చెప్పే కాగితం, మీరు రాయాల్సింది. చాలా అసోసియేషన్లు వాళ్ల కాగితాన్నే ఆర్డర్ అనుకుంటాయి, గొడవంతా అక్కడే మొదలవుతుంది. "కంప్లీట్" అనే మాట అసలు వాడకండి. స్లాబు ఎన్ని చదరపు అడుగులు, పిట్టగోడ లోపలి వైపు ఎన్ని అడుగుల పొడవు, ఎంత ఎత్తు వరకు, గోడ స్లాబు కలిసే మూల, నీళ్లు దిగే పైపుల చుట్టూ, ట్యాంకు దిమ్మెల కింద, ఇలా ఒక్కోటి విడివిడిగా రాసి ఒక్కోదానికి రేటు వేయాలి. ఏ కంపెనీ మెటీరియల్, ఎన్ని పూతలు (కోటింగులు) అన్నది కూడా రాయాలి. మా పనుల్లో ఎం బుక్ అని కొలతలు రాసే పుస్తకం ఉండేది, కొలతలు అందులోకి ఎక్కనిదే బిల్లు కదిలేది కాదు. ముఖ్యంగా తర్వాత మూసుకుపోయే పని ఏదైనా మూసేయకముందే కొలవాలి. పైన టైల్ వేశాక కింద ఎన్ని పూతలు పడ్డాయో ఎవరు చెప్పగలరు? మీకు ఎం బుక్ అక్కర్లేదు, ఒక నోటు పుస్తకం, తేదీతో ఫోటోలు చాలు. కోటింగ్ అయ్యాక పైపులు మూసి 48 గంటలు నీళ్లు నిలబెట్టి, కింద ఇళ్లలో సీలింగ్ చూశాకే తర్వాతి వాయిదా డబ్బు ఇస్తామని ఆర్డర్‌లోనే రాయండి.

మియాపూర్ కోశాధికారి:
సార్ చెప్పినదానికి డబ్బు సంగతి కలుపుతున్నా. మేము 30 శాతం అడ్వాన్స్, సగం పనికి ఇంకో 30, అయ్యాక 30 ఇచ్చి, మిగిలిన 10 శాతం ఒక వానాకాలం గడిచేదాకా ఆపుతాం. ఒప్పుకోని వాళ్లకు పనివ్వం. ఒక్క బిల్లు 30,000 దాటినా, ఏడాదిలో ఒకరికే లక్ష దాటినా టీడీఎస్ (బిల్లులోంచి ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) పట్టాలి, కాబట్టి పాన్ నంబర్ ముందే తీసుకోండి, మీ ఆడిటర్‌ను కూడా అడగండి. ఇంకోటి, మీది 11 ఏళ్లది గానీ కొత్త బిల్డింగుల వాళ్లు చదువుతుంటే: రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం స్వాధీనం చేసిన 5 ఏళ్లలోపు బయటపడ్డ నిర్మాణ లోపాన్ని, చెప్పిన 30 రోజుల్లో బిల్డరే ఉచితంగా సరిచేయాలి. అసోసియేషన్ డబ్బుతో తొందరపడి చేయించేసుకోకండి.

వాటర్‌ప్రూఫింగ్ పనివాడు:
కాంట్రాక్టర్ల వైపు నుంచి కూడా ఒక మాట వినండి మేడమ్. మేము పని మొదలెట్టగానే ఒక ఫ్లాట్ వాళ్లు "మా బాల్కనీ కూడా చూడు", ఇంకొకరు "ఆ పగులు కూడా పూడ్చు" అంటారు, వాచ్‌మన్ ఇంకోటి చెబుతాడు. చేశాక బిల్లులో వేస్తే ఎవరు చెప్పారని అడుగుతారు. పని చెప్పే మనిషి ఒక్కరే అని, ఆ పేరు ఆర్డర్‌లో రాయండి. అదనపు పని ఏదైనా ఆ ఒక్కరి సంతకంతోనే. కరెంటు, నీళ్లు ఎవరిస్తారు, చెత్త ఎవరు ఎత్తాలి అన్నది కూడా రాస్తే సగం గొడవలు రావు.

విశాఖ నుంచి:
రాత్రి మోటారు కాలిపోతే ఆర్డర్ రాస్తూ కూర్చోలేం కదా. మేము 5,000 లోపు అత్యవసర పనికి ఫోన్‌లోనే చెప్పేస్తాం, మర్నాడు రిజిస్టర్‌లో నంబర్ వేసి ఎక్కిస్తాం. ఫిర్యాదు వచ్చిన తేదీ, ఫ్లాట్, ఎవరికి అప్పగించాం, ఎప్పుడైంది, ఎంతైంది, అంతే. ఫిర్యాదు చేసిన ఇంటివాళ్లు సంతకం పెడితేనే ఆ లైను మూస్తాం. లిఫ్ట్ ఒకే నెలలో నాలుగుసార్లు ఆగిందని ఆ రిజిస్టర్ చూపించే ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) వాళ్లతో ఉచితంగా పార్ట్ మార్పించాం.

కొత్త కార్యదర్శి:
అందరికీ చాలా థాంక్స్. పొద్దున్నే టేపు పట్టుకుని పైకెళ్లి పిట్టగోడ కొలిచాం, 412 అడుగులు వచ్చింది. రెండు చోట్ల వేలు దూరేంత పగుళ్లున్నాయి, ఫోటోలు తీశాను. ఇప్పుడే పని ఇచ్చేయమంటారా?

వాటర్‌ప్రూఫింగ్ పనివాడు:
వద్దు మేడమ్. తడి మీద కోటింగ్ పట్టదు, ఆరేళ్లు ఉండాల్సింది ఆర్నెల్లకే లేచిపోతుంది. ఇప్పటికి ఆ పగుళ్లు మాత్రం పూడ్పించి, ఆ పెద్దావిడ గది పైన టార్పాలిన్ కప్పండి. అసలు పని వానలు తగ్గి స్లాబు బాగా ఎండాక, ఆ 412 అడుగులూ ఆర్డర్‌లో రాసి ఇవ్వండి.